ఉలుకూ పలుకూ లేని కొత్త బోర్డులో లైనక్స్ ఎక్కించడం ఎలా

అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్ద బోర్డు మీ చేతిలో ఉందనుకోండి. అందులో ఆల్‌విన్నర్ హెచ్3 చిప్, 512 ఎంబీ ర్యామ్, ఒక ఈథర్‌నెట్ సాకెట్, రెండు యూఎస్‌బీలు. అమ్మినవాళ్లు ఇచ్చిన ఎస్‌డీ కార్డు ఇమేజ్ వేస్తే బూట్ అవుతుంది, కానీ అందులోని కెర్నెల్ (లైనక్స్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాం) వెర్షన్ 3.4.39. ఆ సిరీస్‌కి 2016లోనే మంగళం పాడేశారు. కొత్త కెర్నెల్ వేద్దామంటే దాంట్లో ఈ బోర్డు పేరే లేదు. ఈ పరిస్థితిలో ఏం చేయాలో వరసగా చెప్తాను. చిప్ వేరైతే అడ్రసులు, పిన్నులు మారతాయి, పని చేసే తీరు మాత్రం ఇదే.

ముందే ఒక మాట. పోర్టింగ్ (కొత్త బోర్డులో నడిచేలా కెర్నెల్‌ని మలచడం) అనగానే వేల లైన్ల సీ కోడ్ రాయాలని చాలామంది భయపడతారు. చిప్‌కి సపోర్ట్ ఇప్పటికే ఉంటే మీరు రాయాల్సింది వంద లైన్లకు అటూ ఇటూ ఉండే ఒక డివైస్ ట్రీ ఫైలు, ఇంకో పది పదిహేను లైన్ల కాన్ఫిగ్. మిగతా టైమంతా ఏ తీగ ఎక్కడికి పోతోందో కనిపెట్టడానికే పోతుంది. చిప్‌కే సపోర్ట్ లేదంటే అది నెలల పని, దాని జోలికి ఇక్కడ వెళ్లను.

ఈ గొడవంతా ఎందుకంటే, మన ఇంట్లో పీసీకి బయాస్ ఉంది, పీసీఐ బస్సు ఉంది. ఏ పరికరం ఎక్కడుందో అడిగితే అదే చెప్తుంది. ఈ చిన్న బోర్డుల్లో అలా అడిగితే చెప్పేవాడు లేడు. సీరియల్ పోర్ట్ ఫలానా అడ్రసులో ఉంది, ఎల్ఈడీ ఫలానా పిన్నుకి ఉంది అని మనమే రాసిచ్చే చిట్టా డివైస్ ట్రీ. ఒకప్పుడు ఆర్మ్ (ఈ చిన్న చిప్‌ల ప్రాసెసర్ రకం) బోర్డు ఒక్కోదానికీ కెర్నెల్‌లో ఒక్కో సీ ఫైలు ఉండేది. ఆ చెత్త పేరుకుపోవడం చూసి 2011లో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ గట్టిగానే విసుక్కున్నాడు, ఆర్మ్ వాళ్లు డివైస్ ట్రీ దారి పట్టారు.

కమాండ్లు, ఫైలు పేర్లు ఇక్కడ నోటితో చెప్పుకున్నట్టే రాస్తున్నాను, టైపు చేసేటప్పుడు మీకు ఎలాగూ తెలుస్తుంది.

మొదటి పని: సీరియల్ కేబుల్

హెచ్‌డీఎంఐ మానిటర్ తగిలించి చూద్దామనుకుంటే పప్పులో కాలేసినట్టే. డిస్‌ప్లే బతికేది చిట్టచివర. అంతకుముందు బోర్డు మనతో మాట్లాడే ఒకే ఒక్క దారి సీరియల్ పోర్ట్. సీపీ2102 గానీ సీహెచ్340 గానీ ఉన్న యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్ ఒకటి కొనండి. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో ఒక పూట తిరిగితే ఇది, మల్టీమీటర్, జంపర్ వైర్లు అన్నీ దొరుకుతాయి. అడాప్టర్ సిగ్నల్ 3.3 వోల్టులదై ఉండాలి. 5 వోల్టులది పెడితే పిన్ను కాలే ప్రమాదం ఉంది.

మూడు తీగలు చాలు: గ్రౌండ్‌కి గ్రౌండ్, అడాప్టర్ టీఎక్స్‌ని (పంపే పిన్ను) బోర్డు ఆర్ఎక్స్‌కి (అందుకునే పిన్ను), ఆర్ఎక్స్‌ని టీఎక్స్‌కి. పవర్ పిన్ను కలపొద్దు. హెచ్3లో డీబగ్ యూఆర్ట్ (ఈ సీరియల్ పోర్టే) సాధారణంగా పీఏ4, పీఏ5 పిన్నుల మీద ఉంటుంది, బోర్డు అంచున మూడు పిన్నుల హెడర్‌గా బయటికి తీస్తారు. స్పీడు 115200.

ఒక చిన్న తిరకాసు. బోర్డు పవర్ తీసేసినా అడాప్టర్ టీఎక్స్ తీగ గుండా కొద్దిగా కరెంటు లోపలికి పారుతుంది. దాంతో చిప్ పూర్తిగా ఆగకుండా సగం ప్రాణంతో ఉండిపోతుంది, మళ్లీ ఆన్ చేస్తే బూట్ కాదు. మీ తప్పేమో అని గంటలు వెతుక్కోకండి. రీస్టార్ట్ చేసే ప్రతిసారీ సీరియల్ తీగ కూడా ఒక సెకను పీకి పెట్టండి.

ఇప్పుడు అమ్మినవాళ్ల పాత ఇమేజ్‌నే బూట్ చేసి, వచ్చిన అక్షరాలన్నీ ఒక ఫైల్లోకి లాగ్ చేసి దాచుకోండి. రేపు మీ కెర్నెల్ మొరాయించినప్పుడు పోల్చి చూడ్డానికి ఇదే ఆధారం.

రెండో పని: పాత ఇమేజ్‌లోంచి గుట్టు రాబట్టడం

స్కీమాటిక్ (బోర్డు సర్క్యూట్ బొమ్మ) పీడీఎఫ్ ఇచ్చుంటే మీరు అదృష్టవంతులు. ఇవ్వకపోయినా ఫరవాలేదు. ఆల్‌విన్నర్ పాత ఇమేజ్‌ల బూట్ పార్టిషన్‌లో స్క్రిప్ట్.బిన్ అనే ఫైలు ఉంటుంది. సన్‌క్సి-టూల్స్ ప్యాకేజీలోని బిన్2ఫెక్స్ అనే ప్రోగ్రాంకి దాన్ని ఇస్తే చదవగలిగే ఫెక్స్ అనే టెక్స్ట్ ఫైలు వస్తుంది. బోర్డు జాతకమంతా అందులోనే ఉంటుంది.

ఒక లైను దగ్గర్నించి చూద్దాం. ఎల్ఈడీల విభాగంలో "పోర్ట్:పీఏ15<1><డిఫాల్ట్><డిఫాల్ట్><0>" అని ఉందనుకోండి. పీఏ15 అంటే 'ఏ' అనే బ్యాంకులో (పిన్నుల గుంపులో) 15 నంబరు పిన్ను. మొదటి బ్రాకెట్లో 1 అంటే అవుట్‌పుట్, అక్కడ 0 ఉంటే ఇన్‌పుట్. తర్వాత రెండు పుల్-అప్, డ్రైవ్ బలం. చివరి 0 అంటే మొదట్లో ఆఫ్. దీన్నే డివైస్ ట్రీలో రాయాలంటే "<&పీఐఓ 0 15 జీపీఐఓ_యాక్టివ్_హై>" అవుతుంది. పీఐఓ అంటే పిన్నులని నడిపే కంట్రోలర్. 'ఏ' బ్యాంకు 0, 'సీ' బ్యాంకు 2, ఎఫ్ బ్యాంకు 5, జీ బ్యాంకు 6, అక్షరాల వరసే. ఒక్క పీఎల్ పిన్నులు మాత్రం వేరే కుంపటి. అవి ఆర్_పీఐఓ అనే రెండో కంట్రోలర్ కిందికి వస్తాయి, అక్కడ లెక్క మళ్లీ 0 నుంచి మొదలు. పీఎల్10ని పీఐఓ కింద 11వ బ్యాంకుగా రాస్తే కంపైలర్ కిక్కురుమనదు, ఎల్ఈడీ మాత్రం వెలగదు.

ఈ ఫైల్లోంచి ఒక కాగితం మీద రాసుకోవాల్సినవి: ఎస్‌డీ కార్డు డిటెక్ట్ పిన్ను, ఎల్ఈడీలు, యూఎస్‌బీకి కరెంటు ఇచ్చే పిన్నులు, ఈథర్‌నెట్ రకం, సీపీయూ వోల్టేజీని ఎవరు మారుస్తున్నారన్నది.

ఆ కాగితం పట్టుకుని కెర్నెల్ సోర్స్‌లో మీ బోర్డుకి పక్కింటివాణ్ని వెతకండి. ఆర్చ్, ఆర్మ్, బూట్, డీటీఎస్ ఫోల్డర్లో 6.5 కెర్నెల్ నుంచి ఆల్‌విన్నర్ ఫైళ్లన్నీ విడిగా ఒక సబ్‌ఫోల్డర్లో పెట్టారు. అందులో సన్8ఐ-హెచ్3 అని మొదలయ్యేవి చాలానే ఉన్నాయి: ఆరెంజ్ పై పీసీ, ఆరెంజ్ పై వన్, నానోపై నియో వగైరా. వోల్టేజీ సర్క్యూట్ దేనితో కలుస్తుందో అదే మీ పక్కిల్లు. ఎల్ఈడీలు, యూఎస్‌బీలు కలవకపోయినా మార్చుకోవచ్చు.

మూడో పని: యూ-బూట్

యూ-బూట్ అంటే కెర్నెల్‌ని ర్యామ్‌లోకి తెచ్చి నడిపించే బూట్‌లోడర్. హెచ్3కి కరెంటు ఇవ్వగానే చిప్ లోపలే కాల్చి పెట్టిన బూట్ రామ్ (చెరగని చిన్న ప్రోగ్రాం, ర్యామ్ కాదు) లేస్తుంది. అది ఎస్‌డీ కార్డులో 8వ కిలోబైట్ దగ్గర చూస్తుంది. అక్కడ ఈగాన్.బీటీ0 అనే ముద్ర కనబడితే, అక్కణ్నుంచి గరిష్ఠంగా 32 కేబీ చిప్‌లోని చిన్న ఎస్‌ర్యామ్‌లోకి లాక్కుని నడుపుతుంది. ఆ చిన్న ముక్క పేరు ఎస్‌పీఎల్. దాని పని అసలు ర్యామ్‌ని లేపి, పెద్ద యూ-బూట్‌ని అందులోకి తెచ్చుకోవడం. పార్టిషన్ టేబుల్ ఎంబీఆర్ రకమే ఉండాలని చెప్పేది అందుకే. జీపీటీ పెడితే దాని పట్టిక మొదటి 34 సెక్టార్లు ఆక్రమిస్తుంది. 8వ కిలోబైట్ అంటే 16వ సెక్టార్, ఒకదాని మీద ఒకటి పడతాయి.

యూ-బూట్ సోర్స్ తెచ్చుకుని, కాన్ఫిగ్స్ ఫోల్డర్లో పక్కింటి బోర్డు డెఫ్‌కాన్ఫిగ్‌ని (సెట్టింగుల ఫైలు) మీ బోర్డు పేరుతో కాపీ చేయండి. ఆర్మ్ 32 బిట్ క్రాస్ కంపైలర్ (ల్యాప్‌టాప్ మీద ఆర్మ్ కోసం కోడ్ తయారుచేసేది), బైసన్, ఫ్లెక్స్, స్విగ్, ఓపెన్‌ఎస్ఎస్ఎల్ డెవలప్‌మెంట్ ఫైళ్లు ఉండాలి. ఉబుంటులోనైనా డెబియన్‌లోనైనా ఆప్ట్‌తో వచ్చేస్తాయి. మేక్ అయ్యాక యూ-బూట్-సన్‌క్సి-విత్-ఎస్‌పీఎల్.బిన్ అనే ఫైలు వస్తుంది. డీడీ కమాండ్‌తో, బ్లాక్ సైజు 1024, సీక్ 8 అని కార్డు మీద రాయండి. ఎంటర్ కొట్టే ముందు ఎల్ఎస్‌బీఎల్‌కే (డిస్కుల జాబితా చూపే కమాండ్) వేసి కార్డు పేరు రెండుసార్లు చూసుకోండి. డీడీ అడగదు, మీ ల్యాప్‌టాప్ డిస్కునైనా అంతే శ్రద్ధగా చెరిపేస్తుంది.

64 బిట్ చిప్‌లైన హెచ్5, హెచ్616 లాంటి వాటికి ట్రస్టెడ్ ఫర్మ్‌వేర్ అనే ఇంకో ముక్క కూడా కట్టి (బిల్డ్ చేసి) యూ-బూట్‌కి ఇవ్వాలి. హెచ్3కి ఆ తద్దినం లేదు.

కార్డు పెట్టి ఆన్ చేయండి. సీరియల్‌లో యూ-బూట్ ఎస్‌పీఎల్ అని, దాని కింద డీర్యామ్ 512 ఎంఐబీ అని వస్తే సగం టెన్షన్ పోయినట్టే. ర్యామ్ సైజు, బస్సు వెడల్పు హెచ్3 ఎస్‌పీఎల్ తనే కనిపెట్టుకుంటుంది. మనం ఇవ్వాల్సింది క్లాక్ స్పీడు. పక్కింటి బోర్డు 624 మెగాహెర్ట్జ్‌లో నడుస్తోంది కదా అని మీదీ అంతే పెట్టకండి, 408తో మొదలుపెట్టండి. నానోపై నియోకి యూ-బూట్‌లో ఉన్నది ఆ స్పీడే. ర్యామ్ స్పీడు ఎక్కువైతే బోర్డు అసలే బూట్ కాకపోవడం మంచి రకం జబ్బు. చెడ్డ రకం ఏమిటంటే, అన్నీ బాగా నడుస్తూ మూడో రోజు ఏదో ప్రోగ్రాం కంపైల్ చేస్తుంటే ఉన్నట్టుండి చచ్చిపోవడం. స్పీడు పెంచిన ప్రతిసారీ మెమ్‌టెస్టర్‌ని ఒక రాత్రంతా నడపండి. బోర్డు వేడెక్కాక వచ్చే తప్పులు పది నిమిషాల పరీక్షలో కనబడవు.

కార్డు తీసి పెట్టి విసుగొస్తే ఫెల్ మోడ్ ఉంది. కార్డు లేకుండా బోర్డు ఓటీజీ పోర్టుని ల్యాప్‌టాప్‌కి కలిపి ఆన్ చేస్తే, బూట్ రామ్ ఎక్కడా ముద్ర దొరక్క యూఎస్‌బీలో ఎదురుచూస్తూ కూర్చుంటుంది. సన్‌క్సి-ఫెల్ వెర్షన్ అని అడిగితే 1680, బ్రాకెట్లో హెచ్3 అని జవాబిస్తుంది. సన్‌క్సి-ఫెల్ యూబూట్ అని కమాండ్ ఇచ్చి, కట్టిన ఫైలు పేరు తగిలిస్తే నేరుగా ర్యామ్‌లోంచే నడుస్తుంది. బోర్డు ఇక చచ్చిపోయింది అనుకున్నప్పుడు బతికుందో లేదో చూసే నాడి కూడా ఇదే.

నాలుగో పని: కెర్నెల్, డివైస్ ట్రీ

పక్కింటి డీటీఎస్‌ని (డివైస్ ట్రీ సోర్స్ ఫైలు) మీ బోర్డు పేరుతో కాపీ చేయండి. పైన సన్8ఐ-హెచ్3.డీటీఎస్ఐ ఇంక్లూడ్ లైను అలాగే ఉంచండి. చిప్ లోపలి సంగతులన్నీ అందులో ఉంటాయి, కానీ దాదాపు అన్నీ డిసేబుల్డ్ అని రాసి ఉంటాయి. మీ బోర్డులో బయటికి తీగ ఉన్నవాటిని మాత్రమే ఒక్కొక్కటిగా ఓకే అనాలి. మోడల్, కంపాటిబుల్ లైన్లు మార్చండి. అదే ఫోల్డర్లోని మేక్‌ఫైల్లో మీ డీటీబీ (డీటీఎస్‌ని కంపైల్ చేస్తే వచ్చే ఫైలు) పేరు చేర్చండి. ఇది మర్చిపోతే కంపైల్ శుభ్రంగా అయిపోతుంది, మీ డీటీబీ మాత్రం ఎక్కడా కనబడదు.

మొదటిసారి మూడే మూడు ఉంచండి: సీరియల్ పోర్ట్, ఎస్‌డీ కార్డు, కార్డుకి 3.3 వోల్టుల రెగ్యులేటర్. యూఎస్‌బీ, ఈథర్‌నెట్, హెచ్‌డీఎంఐ అన్నీ తీసేయండి. చోజెన్ నోడ్‌లో (ట్రీలో ఒక్కో విభాగం ఒక నోడ్) స్టడ్‌అవుట్-పాత్‌ని సీరియల్0:115200ఎన్8 అని పెట్టండి. అన్నీ ఒకేసారి పెట్టి ఆన్ చేస్తే ఏది ముంచిందో తెలియదు.

సన్‌క్సి_డెఫ్‌కాన్ఫిగ్‌తో కాన్ఫిగర్ చేసి, జెడ్‌ఇమేజ్, డీటీబీఎస్, మాడ్యూల్స్ కట్టండి. కార్డు మీద 1 ఎంబీ తర్వాత మొదలయ్యేలా ఒక ఈఎక్స్‌టీ4 పార్టిషన్ చేసి, అందులో డెబియన్ ఆర్మ్‌హెచ్ఎఫ్ రూట్ ఫైల్ సిస్టమ్ డీబూట్‌స్ట్రాప్‌తో నింపండి. చిన్నది చాలనుకుంటే బిల్డ్‌రూట్. బూట్ కింద ఎక్స్‌ట్‌లైనక్స్ ఫోల్డర్లో కాన్ఫ్ ఫైలు రాసి కెర్నెల్, ఎఫ్‌డీటీ (మీ డీటీబీ), అపెండ్ (కెర్నెల్‌కి ఇచ్చే ఆప్షన్లు) లైన్లు ఇస్తే యూ-బూట్ తనే వెతుక్కుంటుంది. అపెండ్‌లో కన్సోల్ టీటీవైఎస్0 115200, రూట్ పార్టిషన్, రూట్‌వెయిట్, మొదటి రోజుల్లో ఎర్లీకాన్ కూడా ఉండాలి.

స్టార్టింగ్ కెర్నెల్ అని వచ్చి తర్వాత నిశ్శబ్దం. ఈ దశలో అందరూ భయపడేది దీనికే. చాలాసార్లు కెర్నెల్ లోపల నడుస్తూనే ఉంటుంది, మాట్లాడే దారే మూసుకుపోయి ఉంటుంది. కన్సోల్ పేరు తప్పా, డీటీబీ వేరే బోర్డుదా, యూఆర్ట్0 ఓకే అన్నారా అని ఇదే వరసలో చూడండి. ఎర్లీకాన్ ఉంటే అసలు డ్రైవర్ లేవకముందే అక్షరాలు రావడం మొదలవుతాయి, ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. చేత్తో లోడ్ చేస్తున్నట్టయితే అడ్రసులు కూడా చూసుకోండి. హెచ్3లో ర్యామ్ హెక్స్ 40000000 దగ్గర మొదలవుతుంది, యూ-బూట్ కెర్నెల్‌ని 42000000 దగ్గర, డీటీబీని 43000000 దగ్గర పెడుతుంది. పెద్ద కెర్నెల్ కట్టి రెండూ ఒకదాని మీద ఒకటి పడకుండా చూసుకోవాలి.

నేను రెండు సాయంత్రాలు పోగొట్టుకున్న చోటు

నా బోర్డులో కెర్నెల్ చక్కగా లేచింది. వందల లైన్లు వచ్చాయి. చివర్లో రూట్ డివైస్ కోసం ఎదురుచూస్తున్నా అని ఒక లైను వచ్చి అక్కడే ఆగింది. ఏ కార్డులోంచి కెర్నెల్ వచ్చిందో ఆ కార్డే లేదంటోంది! కార్డు మార్చాను, పార్టిషన్ మళ్లీ చేశాను, కెర్నెల్‌లో ఎంఎంసీ (ఎస్‌డీ కార్డు) డ్రైవర్ ఉందో లేదో నాలుగుసార్లు చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి.

రెండో రోజు రాత్రి తట్టింది. యూ-బూట్‌ని నేను పక్కింటి బోర్డు ట్రీతో కట్టాను, కెర్నెల్‌కి మాత్రం నేను రాసిన ట్రీ ఇచ్చాను. యూ-బూట్‌కి కనబడే కార్డు కెర్నెల్‌కి కనబడట్లేదంటే తేడా ఆ రెండు ఫైళ్ల మధ్యే ఉండాలి. యూ-బూట్ ప్రాంప్ట్ దగ్గర ఆపి "జీపీఐఓ ఇన్‌పుట్ పీఎఫ్6" అని కొట్టాను. కార్డు లోపల ఉంటే 0, బయటికి లాగితే 1. యూ-బూట్ అప్పటికే ర్యామ్‌లో ఉంది కాబట్టి కార్డు లాగినా ఏమీ కాదు. అంటే కార్డు ఉన్నప్పుడు పిన్ను కిందికి దిగుతోంది, యాక్టివ్ లో అని రాయాలి. నేను తొందరలో ఎల్ఈడీ లైను కాపీ చేసి యాక్టివ్ హై అని ఉంచేశాను. కార్డు పెట్టినప్పుడల్లా తీసేశారని కెర్నెల్‌కి నేనే చెప్పానన్నమాట. ఒక్క పదం మార్చాక లాగిన్ ప్రాంప్ట్ వచ్చింది.

కొన్ని చవక బోర్డుల్లో కార్డు సాకెట్‌కి డిటెక్ట్ స్విచ్చే ఉండదు. అప్పుడు పైన చేసినట్టు చూస్తే కార్డు తీసినా పెట్టినా ఒకటే అంకె వస్తుంది, లేదా అంకె ఇష్టమొచ్చినట్టు మారుతుంది. ఆ లైను తీసేసి బ్రోకెన్-సీడీ అని రాయండి. కెర్నెల్ తనే మధ్యమధ్యలో తొంగి చూసుకుంటుంది. మరోటి, బోర్డులో ఈఎంఎంసీ (బోర్డు మీదే అతికించిన స్టోరేజ్) గానీ వైఫై గానీ ఉంటే కార్డు ఎంఎంసీబ్లాక్0 అవుతుందో 1 అవుతుందో గ్యారంటీ లేదు. రూట్‌ని పార్ట్‌యూయూఐడీతో (పార్టిషన్ సొంత గుర్తుతో) ఇస్తే ఆ బెడద ఉండదు.

అయిదో పని: మిగతావి ఒక్కొక్కటే

ఇక్కణ్నుంచి ఒక నోడ్ చేర్చడం, బూట్ చేయడం, డీమెస్గ్ (కెర్నెల్ లాగ్) చదవడం, గిట్‌లో కమిట్ చేయడం.

ఈథర్‌నెట్ 100 ఎంబీపీఎస్‌దైతే సులువు, ఫై (కేబుల్ మీద సిగ్నల్ నడిపే భాగం) హెచ్3 లోపలే ఉంది. ఈమ్యాక్‌ని (ఈథర్‌నెట్ కంట్రోలర్) ఓకే అని, ఫై-హ్యాండిల్‌కి ఇంటర్నల్ ఫై ఇచ్చి, ఫై-మోడ్ ఎంఐఐ అంటే చాలు. గిగాబిట్ అయితే బయట ఆర్‌టీఎల్8211 లాంటి చిప్ ఉంటుంది, దాని కరెంటు ఏ పిన్నుతో ఆన్ అవుతుందో కనుక్కోవాలి. యూఎస్‌బీలో ఏ సాకెట్ ఏ కంట్రోలర్‌దో తెలియకపోతే నాలుగు జతలూ ఓకే అని, ఒక పెన్‌డ్రైవ్ గుచ్చుతూ డీమెస్గ్ చూసి, వాడనివి తర్వాత తీసేయండి.

వోల్టేజీ విషయంలో మాత్రం తొందరపడకండి. కార్డు డిటెక్ట్ తప్పితే కార్డు కనబడదు, అంతే. ఇక్కడ తప్పితే చిప్పే పోవచ్చు. హెచ్3 బోర్డుల్లో మూడు రకాలు చూస్తాం. ఆరెంజ్ పై పీసీలో ఎస్‌వై8106ఏ అనే చిప్ ఐ2సీ (రెండు తీగల బస్సు) మీద మాట వింటుంది, వోల్టేజీని చిన్న చిన్న మెట్లలో మార్చొచ్చు. ఆరెంజ్ పై వన్‌లో ఒక పిన్నుతో 1.1 గానీ 1.3 గానీ, రెండే మెట్లు. ఇంకా చవక బోర్డుల్లో ఒకటే స్థిర వోల్టేజీ. కెర్నెల్ పట్టికలో 648 మెగాహెర్ట్జ్‌కి 1.04 వోల్టులు, 816కి 1.1, 1008కి 1.2 అని ఉంటాయి. మీ ట్రీలో రెండు మెట్లు తారుమారుగా రాస్తే స్పీడు పెరిగినప్పుడు వోల్టేజీ తగ్గుతుంది, లోడు పడగానే బోర్డు పడిపోతుంది. కాబట్టి సీపీయూ పక్కనున్న కాయిల్ మీద మల్టీమీటర్ పెట్టి, సిస్‌ఎఫ్ఎస్‌లో (కెర్నెల్ సెట్టింగులు ఫైళ్లలా కనబడే చోటు) ఫ్రీక్వెన్సీ మారుస్తూ వోల్టేజీ నిజంగా అటే కదులుతోందా అని కళ్లతో చూడండి. ప్రోబ్ మొన జారి పక్క పిన్నుకి తగలకుండా ఊపిరి బిగబట్టి చేయాల్సిన పని. హీట్‌సింక్ ముందే అతికించండి, హెచ్3 బాగా వేడెక్కే రకం.

ఆరో పని: పంపించడం

మీ ఒక్కరి దగ్గరే ఉంచుకుంటే కెర్నెల్ వెర్షన్ మారిన ప్రతిసారీ మీరే మోయాలి. మెయిన్‌లైన్‌లోకి (అసలు లైనక్స్ కెర్నెల్‌లోకి) పంపేస్తే ఆ బరువు దిగిపోతుంది. ప్యాచ్‌లు (మార్పుల ఫైళ్లు) కనీసం రెండు: బైండింగ్స్ (డివైస్ ట్రీ రాసే నియమాలు) ఫోల్డర్లోని సన్‌క్సి.యామల్ ఫైల్లో మీ బోర్డు పేరు చేర్చేది ఒకటి, డీటీఎస్ ఒకటి. తయారీదారు పేరు కెర్నెల్‌కి కొత్తదైతే వెండర్ ప్రిఫిక్స్ కోసం ఇంకోటి. మేక్ డీటీబీఎస్_చెక్ నడిపి మీ ఫైలు మీద వచ్చే వార్నింగ్‌లన్నీ పోగొట్టండి, చెక్‌ప్యాచ్ నడపండి, గెట్_మెయింటైనర్ చెప్పిన అడ్రసులకి గిట్ సెండ్-ఈమెయిల్‌తో పంపండి. హెచ్‌టీఎంఎల్ మెయిల్ పనికిరాదు, సైన్డ్-ఆఫ్-బై (మీ పేరుతో సంతకం లైను) లేకపోతే తీసుకోరు. యూ-బూట్ వాళ్లు మీ డివైస్ ట్రీ ముందు కెర్నెల్‌లో చేరాలంటారు, కాబట్టి డెఫ్‌కాన్ఫిగ్‌ని ఆ తర్వాతే పంపండి.

మొదటి వెర్షనే తీసుకుంటారని ఆశ పెట్టుకోకండి. నోడ్‌లు అక్షర క్రమంలో లేవంటారు, ఈ రెగ్యులేటర్ ఎక్కణ్నుంచి వచ్చిందంటారు. నాకు వచ్చిన మొదటి ప్రశ్న యూఎస్‌బీ 5 వోల్టులు ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటాయా, ఏదైనా పిన్ను ఆపుతోందా అని. ఫెక్స్ ఫైల్లో ఒక పిన్ను ఉంది కదా అని రాసేశానే గానీ కొలిచి చూడలేదు. మల్టీమీటర్ తీసి చూస్తే ఆ పిన్ను ఎక్కడికీ పోవట్లేదు. 5 వోల్టులు నేరుగా సాకెట్‌కే వస్తున్నాయి. ఆ నాలుగు లైన్లు తీసేసి వెర్షన్ 2 పంపాను.